పూజలో పాడనన్న పిల్ల, యాభై నోటుతో వచ్చిన తండ్రి

ప్రశ్న: గుణుపురం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో పంతొమ్మిదేళ్లుగా టీచర్ని. తాతల కాలం నుంచీ ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం మాది. మా బడిలో ఏటా వినాయక చవితికీ, శ్రీపంచమికీ పూజ చేస్తాం, ఒడిశా బడుల్లో ఇది మామూలేనని మీకు తెలుసు. చందా వసూలు చేసేది క్లాసు టీచర్లమే, ఈసారి తలకి యాభై. ఏడో తరగతిలో ఒక సవర గిరిజన అమ్మాయి ఉంది, మంచి గొంతు, ప్రార్థన పాట ఆమెకే అప్పగించాను. పూజ ముందురోజు వాళ్ల నాన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. క్రైస్తవులు. యాభై నోటు చేతిలో పట్టుకుని గుమ్మం అవతలే నిలబడి, "చందా తెచ్చాను సార్, పాప మాత్రం పాడదు, పూజలో కూర్చోదు, కోప్పడకండి" అన్నాడు. నేను నోటు తీసుకుని, పిల్ల వింటుండగానే "సరస్వతి అక్కర్లేకపోతే చదువెలా వస్తుందయ్యా" అనేశాను. అప్పట్నుంచీ ఆ పిల్ల నా మొహం చూడదు. స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన "మతం మారేటప్పుడు కలెక్టరాఫీసులో కాయితం పెట్టారో లేదో అడగండి" అంటాడు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు "అక్కడైతే నీ ఉద్యోగం ఊడేది అన్నయ్యా" అని నవ్వాడు. నేను రోజూ పూజ చేసుకునేవాణ్ణే గానీ ఎవరి మతాన్నీ ఎప్పుడూ ఒక్క మాట అన్నవాణ్ణి కాను. సెక్యులరిజం అంటే మేం బొట్టు చెరిపేసుకుని దేవుడి పటాలు అటకెక్కించడమా? నా తప్పేంటో చెప్పండి. ఆయనతో ఇప్పుడేం మాట్లాడాలి?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదువుతూ ఆ యాభై నోటు దగ్గర ఆగిపోయాను. ఆయన కూతురు ఆ పూజలో కూర్చోదు, పాడదు, బహుశా ప్రసాదం కూడా తినదు. అయినా డబ్బు తెచ్చాడు. ఎందుకు తెచ్చాడు? మీకు కోపం రాకూడదని. అంటే తన పిల్లని పూజ నుంచి తప్పించడం మీ దగ్గర కొనుక్కోవాల్సిన సంగతి అనుకున్నాడు. మీరు మంచివారే, నాకు సందేహం లేదు, చెడ్డవారైతే ఈ ఉత్తరం రాసేవారే కాదు. కానీ ఆయన మీ గుమ్మంలో నిలబడ్డప్పుడు మీరు ఆయనకి భక్తుడిలా కనపడలేదు, సర్కారులా కనపడ్డారు. మార్కులు వేసేది మీరు, టీసీ ఇచ్చేది మీరు, స్కాలర్‌షిప్ కాయితం మీద సంతకం పెట్టేది మీరు.

ముందు బొట్టు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అదే మిమ్మల్ని ఎక్కువ కెలుకుతోందని నాకు అనిపిస్తోంది. మీ బొట్టు మీదే. మీ పూజ మీదే. రాజ్యాంగం 25వ అధికరణం ఆ సవర తండ్రికి ఇచ్చిన హక్కే మీకూ ఇచ్చింది, ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన మీ నమ్మకాన్ని గేటు దగ్గర వదిలి రమ్మని ఎవరూ అనలేదు. మీ తమ్ముడు కూడా కాస్త ఎక్కువ చేసే చెప్పారు లెండి. అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ప్రభుత్వ హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్, ఆట అయ్యాక మైదానంలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకునేవాడు, దానిమీద గొడవై ఉద్యోగం పోతే సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు, 2022లో కోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. టీచరు తన మటుకు తాను దేవుణ్ణి తలుచుకోవడం ఆయన సొంత హక్కు అంది. అయితే ఆ కోచ్ పక్కన మోకరిల్లిన పిల్లల్లో ఎంతమంది మనసారా మోకరిల్లారు, ఎంతమంది టీమ్‌లో చోటు పోతుందని మోకరిల్లారు అన్న ప్రశ్న అక్కడి జడ్జీలనే రెండు వర్గాలు చేసింది. మీ బడిలోనూ చిక్కు అక్కడే ఉంది.

ఇంకో పాత కేసు చెప్తాను, ఇది మీకు బాగా దగ్గరగా ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో విద్యాశాఖ పెద్దలు బడిలో చదవడానికి ఒక చిన్న ప్రార్థన రాయించారు. మొత్తం ఇరవై రెండు మాటలు. ఏసు పేరు లేదు, ఏ మతం పేరూ లేదు, సర్వశక్తిమంతుడా, మమ్మల్నీ మా తల్లిదండ్రుల్నీ గురువుల్నీ దేశాన్నీ చల్లగా చూడు అనే ధోరణి. ఇష్టం లేని పిల్లలు ఊరుకోవచ్చు, బయటికి వెళ్లొచ్చు అని కూడా పెట్టారు. దీనికన్నా సాత్వికంగా ఎవరు చేయగలరు చెప్పండి? అయినా 1962లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రార్థనలు రాయించడం, చదివించడం ప్రభుత్వం పని కాదు అంది. నేను మొదటిసారి చదివినప్పుడు ఇదేం చాదస్తం అనుకున్నాను, బయటికి వెళ్లొచ్చు అన్నారుగా, ఇంకేం కావాలి వీళ్లకి అని.

తర్వాత నా చిన్నప్పటి వరండా గుర్తొచ్చింది. పర్లాకిమిడి వైపు పెరిగాను నేను. చదివింది ఒక మిషన్ బడిలో, పేరెందుకు. పొద్దున్నే గంట కొట్టాక హాల్లో బైబిల్ పాటలు. మా నాన్న మారేడు దళం లేనిదే మంచినీళ్లు ముట్టని మనిషి, ఆయన ఒక చీటీ రాసి పంపారు, మా అమ్మాయిని ప్రార్థనకి కూర్చోబెట్టవద్దని మనవి అని. హెడ్ మిస్ట్రెస్ గారు మంచావిడే, వెంటనే సరేనన్నారు. ఇక ఆ రోజు నుంచీ లోపల మూడొందల మంది పాడుతుంటే నేనూ ఇంకో ఇద్దరు పిల్లలూ వరండాలో నిలబడేవాళ్లం. చేసేదేం లేక గుమ్మం ముందు విడిచిన చెప్పులు లెక్కపెట్టేదాన్ని. పాటలు నాకు మహా ఇష్టం, వరండాలోంచి విని అన్నీ నోటికొచ్చేశాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ లైను విడిచి బయటికి వస్తోంటే అందరి కళ్లూ నా వీపు మీదే ఉండేవి, క్రిస్మస్‌కి కేకు పంచినప్పుడు "నువ్వు తింటావా, మీ నాన్నగారు ఏమీ అనరుగా?" అని ఒక్క నన్నే అడిగేవారు. నేను తిన్నాను, అది వేరే కథ. వెళ్లిపోవచ్చు అని చెప్పడం పెద్దవాళ్లకి తేలిక, లేచి వెళ్లాల్సింది మాత్రం పన్నెండేళ్ల పిల్ల.

నా నాన్న చీటీ రాయగలిగారు కాబట్టి రాశారు, చదువుకున్నవాడు, కులంలోనూ ఊళ్లోనూ నిలదొక్కుకున్నవాడు. మీ దగ్గరికి వచ్చినాయన చీటీ రాయలేదు, యాభై తెచ్చాడు.

ఈ తేడా గురించి రెండు వందల ఏళ్ల కిందట కొందరు భలేగా రాశారు. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అనే మాట మనవాళ్లు చాలామంది నాస్తికులు పుట్టించారనుకుంటారు. కాదండీ. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో అప్పట్లో ప్రభుత్వం అండ ఉన్నది వేరే చర్చికి, డాన్‌బరీ ప్రాంతపు బాప్టిస్టులు తక్కువ మంది. వాళ్లు 1801లో ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి ఉత్తరం రాశారు. మా మతాన్ని మేం పాటించుకోనిస్తున్నారు నిజమే, కానీ అది మాకు దయ చూపినట్టుగా ఉంది, మా హక్కుగా లేదు అన్నది వాళ్ల గోడు. దానికి 1802 జనవరి 1న జెఫర్సన్ ఇచ్చిన జవాబులోనే ఆ గోడ మాట ఉంది. అంతకు ముందు, 1644లో, రోజర్ విలియమ్స్ అనే పాస్టరు ఇలాంటిదే ఇంకోలా చెప్పాడు. చర్చి ఒక తోట, బయట లోకం అడవి, మధ్యలో ఉండాల్సిన దడి విరిగిపోయిందని బాధపడ్డాడు. మనూళ్లలో పెరట్లోకి మేకలు రాకుండా దడి కడతామే, అదే. ఆయన భయమంతా తోట గురించే. సర్కారు లోపలికి దూరితే భక్తి చెడుతుందని.

గజపతి జిల్లా కొండల్లో సవరల మధ్య పనిచేసింది కెనడా బాప్టిస్టు మిషన్, సెరంగోలో వాళ్ల ఆసుపత్రి మీరూ చూసే ఉంటారు. కాబట్టి మీ గుమ్మంలో నిలబడ్డాయన ఏ సంఘమో నాకు తెలియదు గానీ, ఆ డాన్‌బరీ వాళ్ల బాధే ఆయనదీ. దయా, హక్కా?

ఇక మన దేశంలో గోడ లేదు, ఉందని నేను మీకు అబద్ధం చెప్పను. పూరీ జగన్నాథుడి గుడి 1955 నాటి చట్టం కింద ప్రభుత్వ అధికారి చేతుల మీదుగా నడుస్తోంది, అంటరానితనం పోగొట్టాలంటే గుళ్ల తలుపులు సర్కారే తెరిపించాల్సి వచ్చింది, అది మంచిదే. మనది గేటున్న దడి. కాకపోతే బడి విషయంలో మాత్రం రాజ్యాంగం గేటు చాలా ఇరుకు చేసింది. 28వ అధికరణం చూడండి. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మత బోధన ఉండకూడదు, ఒక్క మాటలో. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందే ప్రైవేటు, మిషన్ బడుల్లో అయితే ఉండొచ్చు, కానీ అక్కడ జరిగే మత బోధనకైనా పూజకైనా ఎవర్నీ వాళ్ల అంగీకారం లేకుండా కూర్చోబెట్టకూడదు, చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. మా నాన్న చీటీ వెనకాల ఉన్న బలం ఇదే. ఒక మిషన్ బడే అడగాల్సి వచ్చిన అంగీకారం సర్కారు బడి అడక్కర్లేదంటే ఎలా కుదురుతుంది మాస్టారూ?

శ్రీపంచమి పూజ "మత బోధన" కిందికి వస్తుందా, సంస్కృతి కిందికి వస్తుందా అని మీ స్టాఫ్‌రూమ్‌లో వాదన లేస్తుంది, లేవనివ్వండి, కోర్టుల్లోనూ ఇలాంటి వాదన ఉంది. కేంద్రీయ విద్యాలయాల ప్రార్థన మీద కేసు వేస్తే 2019 జనవరిలో ఇద్దరు జడ్జీలు పెద్ద ధర్మాసనం తేల్చాలని పంపించారు. కాబట్టి పూజ పెట్టడమే నేరం అని నేను అనను. ఎవరైనా 27వ అధికరణం చూపిస్తే దాన్ని కూడా పక్కన పెట్టండి, అది పన్నుల గురించి, మీ చందా గురించి కాదు. కానీ బలవంతం మాట వేరు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు, అన్నాచెల్లెళ్లు, జాతీయగీతానికి నిటారుగా నిలబడి కూడా మతం ఒప్పుకోదని పాడలేదు, బడి వాళ్లని తీసేసింది. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అని ముగించారాయన. దేశం పాటకే నోరు మూసుకుని నిలబడే హక్కు ఉంటే, వీణాపాణి పాటకి లేకపోతుందా?

మీ స్టాఫ్‌రూమ్ ఆయన కాయితం గురించి. ఒడిశాలో 1967 నుంచీ ఒక చట్టం ఉంది, బలవంతంగా, ఆశపెట్టి, మోసం చేసి మతం మార్పించకూడదని. హైకోర్టు కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఆ చట్టం మంచిదా కాదా మనం ఇంకోరోజు కొట్టుకుందాం. అది చూసుకోవడానికి కలెక్టరు ఉన్నారు, పోలీసులున్నారు. ఏడో తరగతి టీచరు తన స్టూడెంట్ తండ్రిని ఆ ప్రశ్న అడిగితే అది చట్టం అమలు కాదు, బెదిరింపు. పైగా ఆ కుటుంబం తాతల నాటి నుంచీ క్రైస్తవులై ఉండొచ్చు. 2011 జనాభా లెక్కల్లో గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులే, మీ పక్క జిల్లా. దయచేసి ఆ ఆలోచన అక్కడే తుంచేయండి.

ఇక మీరన్న ఆ మాట. "సరస్వతి అక్కర్లేకపోతే చదువెలా వస్తుంది." కోపంలో అన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఎవరితో అన్నారో చూడండి. ఆ గుణుపురం కొండల్లోనే 1936లో మంగేయి గొమాంగో సవర భాషకి సొంత లిపి తయారుచేశారు, సొరాంగ్ సొంపెంగ్ అంటారు, దాన్ని నమ్మేవాళ్లు ఆ అక్షరాల్నే బ్రహ్మంగా కొలుస్తారు. అక్షరాన్ని దేవుణ్ణి చేసుకున్న జాతి పిల్లతో, మీరు నమ్మే దేవత లేకపోతే చదువు రాదన్నారు. సవర భాష నేర్చుకుని సవర పిల్లలకి సొంత ఖర్చుతో బళ్లు పెట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు కూడా ఈ గడ్డ మీద టీచరే కదా, మనం ఆయన పేరు చెప్పుకుని మురిసిపోతాం.

ఇంకో మాట, ఇది మీకు చురుక్కుమంటుంది, అయినా చెప్తాను. ఒడిశాలో తెలుగువాళ్లుగా మనమూ తక్కువ మందిమే. మనం పెట్టుకున్న తెలుగు బడిని మనల్ని నడుపుకోనివ్వకపోతే ఏ అధికరణం పట్టుకుని తిరుగుతాం? 30 కదా. ఆ 30వ అధికరణంలో "మతపరంగా గానీ భాషాపరంగా గానీ" మైనారిటీలు అని ఒకే వాక్యంలో ఉంటుంది. మన తెలుగు బడినీ వాళ్ల మిషన్ బడినీ కాపాడేది ఆ ఒక్క వాక్యమే. మనకి అవసరమైనప్పుడు అది హక్కు, ఆయనకి అవసరమైనప్పుడు మర్యాద తప్పడం, ఇలా రెండు తూకపురాళ్లు పెట్టుకోలేం.

ఏం చేయాలంటే, వచ్చే ఏడాది పూజకి ముందు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగులో మీరే ఎత్తండి, మీరు భక్తులు కాబట్టి మీ మాటకి బలం ఉంటుంది. పూజ కావాలనుకున్న తల్లిదండ్రులే చందా పోగుచేసుకోవాలి, క్లాసు టీచరు చేతిలో రిజిస్టరూ చందా పుస్తకమూ రెండూ ఒకేసారి ఉండకూడదు. స్కూలు గ్రాంటు ముట్టుకోవద్దు. మధ్యాహ్న భోజనం బియ్యంతో ప్రసాదం వండే అలవాటు ఉంటే అది ముందు ఆపండి, ఆ బియ్యం లెక్క ప్రతి పిల్లదీ, పూజకి రాని పిల్ల ఆ పూట పస్తుండకూడదు. పూజ బడి వేళ ముగిశాక పెట్టుకోండి, లేదా పక్కనున్న గుడిలోనో క్లబ్బులోనో. అప్పుడు రానివాళ్లు ఇంట్లో ఉంటారు, వరండాలో ఉండరు. ఆ రోజు హాజరు వేయడం లాంటివి వద్దే వద్దు. ఎవరైనా "ఇన్నేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు" అంటారు, అంటారు తప్పకుండా. ఇన్నేళ్లుగా ఎంతమంది యాభైలు పట్టుకుని వచ్చారో మనం ఎప్పుడైనా లెక్కేశామా అని అడగండి.

సరస్వతి గురించి పిల్లలకి చెప్పొద్దని కాదు. ఏసు గురించి, రాయగడ మజ్జిగౌరమ్మ గురించి, సవరలు గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మల గురించి కూడా చెప్పండి, ఎవరు ఏం నమ్ముతారో తెలుసుకోవడం చదువే. మతాల గురించి చెప్పడం మత బోధన కాదని 2002లో సుప్రీంకోర్టు కూడా అంది.

ఆయన దగ్గరికి మీరే వెళ్లండి. బడికి పిలిపించకండి, బడికి పిలిస్తే మళ్లీ చేతులు కట్టుకునే వస్తాడు. ఆదివారం మధ్యాహ్నం, వాళ్ల ప్రార్థన అయ్యాక, ఇంటికి వెళ్లండి. పిల్ల ఉన్నప్పుడే మాట్లాడండి, ఎందుకంటే ఆ మాట అన్నది పిల్ల ముందే. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, రాజ్యాంగం మాట అసలే వద్దు. "ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను, చదువు నీది తల్లీ, నీ చదువుకి ఏ అడ్డూ ఉండదు" అంటే చాలు, ఒడియాలో అనండి, మీకొచ్చిన నాలుగు సవర ముక్కల్లో అంటే ఇంకా మంచిది. ఆ పిల్ల వెంటనే నవ్వుతుందని ఆశపెట్టుకోకండి. గొంతు బాగుందని మళ్లీ పాటలు అప్పగించేముందు ఒకసారి అడగండి, పాడతావా అని, వద్దంటే కారణం అడక్కండి.

యాభై రూపాయలు తిరిగిచ్చేయండి. కవర్లో పెట్టకండి, చేతికివ్వండి. ఉంచుకోండి సార్ అంటాడు. ఉంచుకోకండి.